ఉపయోగము : మనస్సు నిలిచిన చోటు

వర్తకుల నోట ఉపయోగమను మాటకు ఒక్కటే అర్థము కలదు. ఈ సరకు కొన్నచో ఉపయోగమేమి, ఈ బేరము వలన మనకు ఉపయోగమేమి అని దినమునకు పదిసారులు అడుగుదుము. మన శాస్త్రములందు ఆ మాటయే వేరొక అర్థమున వచ్చును. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము రెండవ అధ్యాయమున జీవుని గుర్తుపట్టవలసిన లక్షణముగా ఉపయోగమును పేర్కొనెను. చైతన్యము ఒక వస్తువు వైపు మరలి దానిని తెలిసికొనుటకు పూనుకొనుటయే ఉపయోగము. కన్ను తెరచియున్నను చైతన్యము అటు మరలనిచో చూచినట్లు కాదు. చెవి యొగ్గి కూర్చున్నను వినినట్లు కాదు.

అదే అధ్యాయమున ఇంద్రియములను గూర్చి చెప్పు సందర్భమున లబ్ధి, ఉపయోగము అని రెండు భేదములు చేయబడినవి. లబ్ధి యనగా తెలిసికొనగల శక్తి. ఉపయోగమనగా ఆ శక్తిని ఒక విషయము మీద నిలుపుట. మన వ్యాపారపు భాషలో చెప్పవలెనన్న, లబ్ధి పెట్టెలోని మూలధనము. ఉపయోగము ఆ ధనమును ఒక సరకులో పెట్టుట. ఎంత ధనవంతుడైనను ఒక్క రూపాయిని ఒకే సమయమున రెండు సరకులలో పెట్టలేడు. అట్లే కేవలజ్ఞానము లేని మనబోటివారికి ఉపయోగములు ఒకదాని వెనుక ఒకటి కలుగునే గాని రెండు ఒక్కసారి కలుగవని ఆచార్యులు చెప్పిరి. కావున మనము దేనిమీద మనస్సు నిలిపితిమో ఆ సరకే ఇంటికి చేరును. తక్కినదంతయు బజారులోనే ఉండిపోవును. మన సుఖదుఃఖముల లెక్క చాలవరకు ఈ కొనుగోలులోనే తేలుచున్నది. ఈ పాఠములో విచారింపదలచిన విషయమిదియే.

దీనికి ఉదాహరణములు వెదకుటకు దూరము పోనక్కరలేదు. అంజూర్ ఫాటాలో నివసించు మన కుటుంబముల వారికి అవి కంటి యెదుటనే కలవు. ఫాటా యనగా మరాఠీ భాషలో దారి చీలిక. ఠాణే నుండి కశేళీ, కాల్హేర్ మీదుగా భివండికి వచ్చు పాత రహదారి మీద ఈ చీలిక యున్నది. ఇచ్చటి నుండి ఒక దారి చించోటి వైపు పోయి ముంబయి-అహమ్మదాబాదు రహదారిని కలియును. దివా-వసయి రైలు మార్గములోని భివండి రోడ్ స్టేషను ఇచ్చటికి సమీపముననే కలదు. నూలు బస్తాలతో వచ్చు లారీలు, తాకాలతో పోవు టెంపోలు పగలనక రాత్రియనక ఇచ్చట మలుపు తిరుగుచుండును. డ్రైవరు చక్రమును మూరెడు త్రిప్పినచో చాలును, సాయంత్రమునకు అతడు చేరు ఊరు మారిపోవును. మనస్సుకు గూడ ఇట్టి చీలికలు దినమునకు ఎన్నియో వచ్చును గాని, రోడ్డు మీది ఫాటాకు పేరు పలక యుండును, మనస్సులోని ఫాటాకు పలక లేదు. తిరిగిన తరువాత గాని తిరిగితిమని తెలియదు.

మరమగ్గముల సంఖ్యను లక్షలలో చెప్పుకొను పట్టణము భివండి. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు ప్రాంతముల నుండి పద్మశాలీ కుటుంబములు తరతరములుగా వచ్చి ఇచ్చట స్థిరపడినవి. పద్మనగర్ వీథులలో నేటికిని తెలుగు మాట ధారాళముగా వినవచ్చును. ఈ మగ్గములను మనవారు సాంచాలందురు. ఒక నేతగాడు నాలుగు సాంచాలను, కొన్నిచోట్ల అంతకంటె ఎక్కువ వానిని, ఒక్కడే చూచుకొనును. కొత్తవాడు షెడ్డులో అడుగిడినచో వానికి ఒక్కటే హోరు వినబడును; ప్రక్కవాని కేక గూడ చెవిన బడదు. నేతగానికి ఆ హోరులోనే నాలుగు లయలు వేరువేరుగా తెలియును. నాడె దెబ్బలో రవ్వంత తేడా వచ్చినను అటు తల త్రిప్పును. పేకపోగు తెగినదా లేదా యని తాకిచూచుటకు మగ్గమునకు చిన్న ఫోర్కు అమర్చియుందురు. పోగు దానికి తగలనిచో మగ్గము తనంతట నిలిచిపోవును. పడుగుపోగు తెగినప్పుడు ఆపు సాధనము ఇచ్చటి సాధారణపు మగ్గములలో చాలవానికి లేదు. అచ్చట నేతగాని కన్నే సాధనము. ఆ కన్ను ఒక నిమిషము పరాకుపడినచో బారెడు గుడ్డ చెడును.

ఈ పనివాడు నాలుగు మగ్గములను ఒక్కసారి చూచుచున్నాడని మనము భ్రమపడుదుము. నిజమునకు అతడు ఒకదాని నుండి మరియొకదానికి ఉపయోగమును త్రిప్పుచున్నాడు. ఉపయోగములు ఒకదాని వెనుక ఒకటి కలుగునను సిద్ధాంతమును పండితులు గ్రంథముల ద్వారా నిరూపింతురు. అతడు పండ్రెండు గంటల షిఫ్టులో నిలుచుండి నిరూపించుచున్నాడు.

ఇక యజమానుల సంగతి చూతము. మగ్గము దిగిన తాకా మడత బల్ల మీదికి వచ్చును. మెహతాజీయో, యజమానియో దానిని పరీక్షించును. ఆ బల్ల వద్ద చూడవలసినది తప్పు మాత్రమే. పేక తప్పినచోటు, పడుగుపోగు లేనిచోటు, నూనె మరక, అంచు ముడుత. చక్కగా నేసిన గుడ్డ ఎన్ని మీటర్లున్నను కంటి క్రిందనుండి జారిపోవును. తప్పు వచ్చినచోట చేయి ఆగును. ఇది సరియైన పద్ధతియే. ఈ కన్ను లేనివాడు ఈ వ్యాపారమున రెండు సంవత్సరములైనను నిలువడు.

అయితే సాయంత్రము షట్టరు దించినపుడు ఆ కన్నును దుకాణములోనే వదలి వచ్చువారు కొద్దిమంది. తక్కినవారి వెంట అది ఇంటికి వచ్చును. భోజనమునకు కూర్చున్నచో నాలుగు వంటకములలో ఉప్పు తగ్గినది ఏదో అదే నాలుకకు తగులును. కుమారుడు 100 కి 92 మార్కులు తెచ్చినచో పోయిన 8 ఎక్కడ పోయినవని ప్రశ్న వచ్చును. కోడలు ఉదయము నుండి చేసిన పనులన్నియు బాగుగా నేసిన గుడ్డవలె కంటి ముందునుండి జారిపోవును. ఆలస్యముగా వచ్చిన టీ గిన్నె వద్ద చేయి ఆగును. ఆలయమునకు పోయినను పూజ చదివించువాని ఉచ్చారణలో దోషము, ప్రక్కవాని ముఖపట్టి కట్టుకొనిన తీరులో దోషము కనబడుచుండును. ఆ మనుష్యుడు దుష్టుడు కాడు. వాని ఇల్లు చెడ్డది కాదు. తప్పులను మాత్రమే కొను అలవాటు కలవాడగుటచే వాని గోదాములోనికి మరియొక సరకు వచ్చుట లేదు. ఇంట్లో నాకు శాంతి లేదని వాడు చెప్పునపుడు అబద్ధమాడుట లేదు. వానికి కనబడిన ఇంట్లో నిజముగనే శాంతి లేదు.

ఇది మన మతగ్రంథములే చెప్పు మాట కాదు. అమెరికా దేశపు తత్త్వవేత్త విలియం జేమ్స్ 1890 లో ప్రకటించిన మనోవిజ్ఞాన గ్రంథమున, ఇంద్రియముల యెదుట కోటి వస్తువులున్నను తాను గమనింప నంగీకరించినవి మాత్రమే తన అనుభవమగునని వాదించెను. 1999 లో సైమన్స్, ఛాబ్రిస్ అను ఇద్దరు పరిశోధకులు ఒక చిత్రమైన పరీక్ష ప్రకటించిరి. బంతులు విసరుకొను ఆటగాండ్ర చలనచిత్రమును చూపి, తెల్లబట్టల వారు ఎన్నిసారులు బంతి అందించుకొనిరో లెక్కపెట్టుమని ప్రేక్షకులకు చెప్పిరి. ఆట నడుచుచుండగా గొరిల్లా వేషము వేసికొనిన మనుష్యుడొకడు నడుమకు వచ్చి, రొమ్ము చరచుకొని పోయెను. చూచినవారిలో సుమారు సగముమందికి గొరిల్లా కనబడనేలేదు. లెక్కలో మునిగిన కన్నునకు ఎంత పెద్ద వస్తువైనను లేనట్లే. వర్తకులమైన మనము ఈ పరీక్షను చదివి నవ్వుటకు ముందు, దీపావళి వేళ చిట్టా ఖాతాలు ముగించు దినములలో ఇంటివారు మనతో ఏమి చెప్పిరో జ్ఞాపకము చేసికొనవలెను.

ఇప్పుడు ధ్యానమను విషయమునకు వత్తము. మనలో చాలమంది, “మాకు ధ్యానము చేతకాదు, మనస్సు నిలువదు” అందురు. శాస్త్రప్రకారము ఈ మాట సరికాదు. తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయమున ధ్యానమనగా చింతను ఒక్క విషయము మీద నిలుపుట యని చెప్పబడినది. ఆ విషయము మంచిదే కావలెనన్న నియమము లేదు. అందుచేతనే ధ్యానము ఆర్తము, రౌద్రము, ధర్మము, శుక్లమని నాలుగు విధములు. మొదటి రెండును సంసారమును పెంచునవి, తరువాతి రెండును మోక్షమునకు దారి చూపునవి. రాని బాకీని గూర్చి రాత్రి రెండు గంటల వరకు ప్రక్క మీద దొర్లువాడు ధ్యానము చేయుటలేదని ఎవరన్నారు? అంత ఏకాగ్రత మునులకు గూడ అరుదు. అది ఆర్తధ్యానము. ఇష్టము లేనిది వచ్చిపడినదని, ఇష్టమైనది పోయినదని, దేహమున నొప్పి కలదని, రాబోవు భోగము దక్కవలెనని, ఈ నాలుగు త్రోవల చింత తిరుగును.

రౌద్రధ్యానము మాట విన్నంతనే మనకు కత్తులు, రక్తము జ్ఞాపకము వచ్చును. హింస, అసత్యము, చౌర్యము అను మూడింటి మీద చింత నిలుపుట రౌద్రమని ఎవరైనను ఒప్పుకొందురు. నాలుగవది విషయసంరక్షణము, అనగా తన భోగ్యవస్తువులను కాపాడుకొను చింతలోనే మునిగియుండుట. హింస, దొంగతనముల ప్రక్కన దీనిని కూర్చుండబెట్టిరి! ఇచ్చట మన వర్తక సోదరులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. గోదామునకు తాళము వేయుట తప్పు కాదు. అది గృహస్థుని జాగ్రత్త. చేతితో ఒకసారి వేసిన తాళమును మనస్సుతో రాత్రియంతయు లాగి చూచుచుండుట రౌద్రము. దానిలో ప్రతి మనుష్యుడును దొంగవలె కనబడును. నౌకరు, దలాలు, తుదకు సొంత తమ్ముడు. ఎవనిపట్ల అపరాధము జరుగకున్నను లోపల అందరిపై అభియోగము నడుచుచునే యుండును. శ్రావకుల అయిదవ అణువ్రతమగు పరిగ్రహపరిమాణమును మనము దానధర్మముల వ్రతముగా మాత్రమే ఎంచుచున్నాము. సొత్తుకు హద్దు పెట్టుకొనిన దినమున మనస్సు కాపలా కాయవలసిన వాకిళ్లకును హద్దు ఏర్పడును. ఈ లాభమును ఎవరును లెక్క వ్రాయరు.

మనస్సు నిలుచు చోటు మారినచో మనుష్యుని స్థితి ఎంత త్వరగా మారునో తెలుపుటకు ప్రసన్నచంద్ర రాజర్షి కథకు మించినది లేదు. పాఠశాల పిల్లలకు గూడ తెలిసిన కథయే యైనను ఇచ్చట ఒకటి రెండు సంగతులు గమనింపదగినవి. రాజ్యమును పసివాడైన కుమారునకు విడిచి దీక్ష గైకొనిన ప్రసన్నచంద్రుడు ఎండలో ఒంటికాలి మీద, చేతులెత్తి కాయోత్సర్గమున నిలిచియున్నాడు. శ్రేణిక మహారాజు భగవాన్ మహావీరుని దర్శనమునకు పోవుచుండగా ముందు నడచు భటులిద్దరు, సుముఖుడు, దుర్ముఖుడు, ఆ మునిని చూచిరి. సుముఖుడు స్తుతించెను. దుర్ముఖుడు నిందించెను. పసివానికి రాజ్యమప్పగించి ఇతడు వచ్చివేసినాడు, అచ్చట మంత్రులే వానిని కూలద్రోయ జూచుచున్నారు, ఇతడేమి తండ్రి యని యనెను. మాట ముని చెవిని బడెను. దేహము కదలలేదు. మనస్సు మాత్రము రాజధానికి పోయి, కత్తి దూసి, మంత్రులతో యుద్ధమారంభించెను.

శ్రేణికుడు మునికి నమస్కరించి పోయి భగవంతుని అడిగెను: ఆ మహాముని ఈ క్షణమున కాలము చేసినచో ఎచ్చటికి పోవును? ఏడవ నరకమునకని సమాధానము వచ్చెను. రాజు నివ్వెరపోయి కొంతసేపటికి మరల అడిగెను. ఇప్పుడైనచో సర్వార్థసిద్ధ విమానమునకని చెప్పిరి. ఈ రెండు ప్రశ్నల నడుమ జరిగినది స్వల్పమే. మానసికయుద్ధమున ఆయుధములన్నియు అయిపోగా కిరీటమునే విసరుదమని ముని తలకు చేయి పెట్టెను. చేతికి ముండితశిరస్సు తగిలెను. తాను ఎవరో, ఎచ్చట నిలుచున్నాడో జ్ఞప్తికి వచ్చెను. పశ్చాత్తాపముతో మనస్సు వెనుకకు మరలెను. కొంతసేపటికే కేవలజ్ఞానము కలిగి దేవదుందుభులు మ్రోగెను.

ఇందు గమనింపవలసినది, చూచువారికి మొదటినుండి తుదివరకు ఒకే దృశ్యము కనబడినది: ఎండ, ఒంటికాలు, ఎత్తిన చేతులు. లోపల మాత్రము ఏడవ నరకము మొదలు సర్వార్థసిద్ధి వరకు ప్రయాణము జరిగినది. రెండవది, మునిని పడద్రోసినది కుమారునకు వచ్చిన ఆపద కాదు. ఆపద వచ్చినదని దారిన బోవువాడు అన్న మాట. నిజమో అబద్ధమో ఆయన విచారింపలేదు. మూడవది, ఆయనను వెనుకకు తెచ్చినది ఉపదేశము గాదు. చేతికి తగిలిన ఒక నిజమైన వస్తువు, తన సొంత తల.

దారిన బోవువాని మాట వలన ఒక మనస్సే గాక ఊరికి ఊరే ఎట్లు తగులబడునో భివండికి తెలిసినంత మరియొక ఊరికి తెలియదు. 1970 మే నెలలోను, మరల 1984 మే నెలలోను ఇచ్చట ఘోరమైన మతకలహములు జరిగినవి. ఇండ్లు, మగ్గములు కాలినవి, ప్రాణములు పోయినవి. ఆ కలహములకు కారణములనేకము. అంతయు చూపు దోషమేయని చెప్పుట అన్యాయము. కాని పుకారు చేసిన పని చిన్నది కాదు. తరువాత 1988 నుండి ఇచ్చట డెప్యూటీ పోలీసు కమీషనరుగా పనిచేసిన సురేశ్ ఖోపడే ప్రతి మొహల్లాలోను ఉభయ మతముల వారిని చేర్చి సంఘములు నెలకొల్పెను. వారు తరచుగా కూర్చుండి, కుళాయి, మోరీ, పొరుగువాని జగడము వంటి చిన్న సంగతులను ఎదురెదురుగా మాటలాడుకొనిరి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో ముంబయి మండిపోయినపుడు, సమీపముననే యున్న భివండి శాంతముగా నిలిచినది. వెనుకటి చరిత్రను ఎరిగినవారు దీనిని నమ్మలేకపోయిరి. పుకారు అప్పుడును వచ్చియుండును. అయితే వినువానికి ఆ మాటతోపాటు ఎదుటివాని ముఖముగూడ తెలిసియుండెను. ప్రసన్నచంద్రునకు తల తగిలినట్లు ఈ ఊరివారి చేతికి ఆ పరిచయము తగిలినదని మా యభిప్రాయము.

ఇచ్చట ఒక అపోహను తొలగింపక ముందుకు సాగరాదు. మనస్సులో ఏది తలచిన అది లభించును, ధనమును తలచిన ధనమే వచ్చును అని బోధించు పుస్తకములు నేడు రైల్వే స్టేషనులలో కుప్పలుగా అమ్ముడుపోవుచున్నవి. మన సిద్ధాంతమునకు వానితో పొత్తు లేదు. నూలు ధర మన తలంపు వలన దిగదు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినపుడు కూలి చెల్లించుటకు నగదు లేక సాంచాలు ఆగినవి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చినపుడు వలస పనివారు మూటలు నెత్తిన పెట్టుకొని కాలినడకను బయలుదేరిరి. అట్టి పనివానితో నీ చూపు మార్చుకొనుము, సుఖపడుదువు అనుట ధర్మోపదేశము గాదు, క్రూరత్వము. వానికి కావలసినది కూలి, అన్నము. వాని కష్టము నుండి మన కన్నును త్రిప్పుకొని మనశ్శాంతి యనుకొనుట గూడ ఒక మలుపే. అది దిగజారు మలుపు. అనేకాంతవాదము మనకు నేర్పునది ఇదియే. ఒక నయముతో చూచునపుడు తక్కిన నయములు మరుగుపడును గాని నశింపవు. వస్తువుకు మనము చూడని ధర్మములు ఉండనే యున్నవి. తప్పులు చూచు యజమాని కన్ను అబద్ధము చూచుట లేదు, కొంచెము చూచుచున్నది. మంచి మాత్రమే చూతునని పూనినవాడును కొంచెమే చూచుచున్నాడు. చూడవలసినది ఏదో సమయమును బట్టి ఎంచుకొనగలిగిన స్వాతంత్ర్యము వేరు, ఒకే చూపునకు బానిస యగుట వేరు.

మరి ఆ స్వాతంత్ర్యమునకు సుఖముతో సంబంధము కలదా? 2010 లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అను పరిశోధకులు 2,250 మంది పెద్దవారిని ఫోను ద్వారా వేళకాని వేళలలో ప్రశ్నించిరి. ఇప్పుడు ఏమి చేయుచున్నావు, మనస్సు ఎచ్చట నున్నది, సుఖముగా నున్నావా అని అడిగిరి. ఇంచుమించు 47 శాతము సమయములలో మనస్సు చేయుపని మీద లేదు. పరధ్యానముగా నున్నపుడు మనుష్యులు తక్కువ సుఖముగా నుండిరి. ఇంపైన విషయములలోనికి పోయినపుడు సైతము, పనిలో నిలిచిన మనస్సు కంటె ఎక్కువ సుఖము కలుగలేదు. చేయు పని ఏదియను దానికంటె మనస్సు ఎచ్చట నున్నదను దానిని బట్టియే వారి సుఖము ఎక్కువగా తెలియవచ్చెను. దీనికి మన ఆచార్యులు ఆశ్చర్యపడియుండరు. ఫోనును ఇందుకు వాడుకొనిరన్న మాటకు మాత్రము మనము ఆశ్చర్యపడవలెను; ఏలయన మనస్సును పరుగెత్తించు పనిలో నేడు దానికి మించిన సాధనము లేదు. సూరత్ ధర, ఇచల్‌కరంజి ధర, బంధువుల ఇంటి వివాహము, ఎవరో పంపిన పుకారు అన్నియు ఒకే అంగుళము మేర నుండి లోపలికి వచ్చుచున్నవి. మన వ్రతములలో దేశావకాశికము ఒకటి కలదు. ఈ దినము ఇంత దూరము దాటి పోను, ఇంతకు మించి వ్యవహరింపనని హద్దు చెప్పుకొనుట. కాలినడకయు, ఎడ్లబండియు నున్న కాలమున ఇది దేహమునకు హద్దు. నేడు దేహము అంజూర్ ఫాటాలోనే యుండగా మనస్సు పది ఊళ్లు తిరిగి వచ్చుచున్నది గనుక ఈ వ్రతమును ఫోనునకు అన్వయించుకొనుట వ్రతభంగము కాదు, వ్రతరక్షణమే. భోజనవేళ ఫోను గోడ గూటిలో నుండవలెనని నియమము పెట్టుకొనిన కుటుంబములు కొన్ని కలవు. మొదటి నాలుగు దినములు పెద్దవారికే కష్టమగును.

కన్నునకు ఆలంబనము కావలెనని పూర్వులు బాగుగా ఎరిగిరి. మగ్గము పనివారు అనేకులు బయలుదేరి వచ్చిన ఆ కరీంనగరము మండలముననే, గంగాధర సమీపమున కురిక్యాల గ్రామము కలదు. ఆ గుట్ట మీది బండరాతి యందు పంపకవి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945 ప్రాంతమున జినబింబములను, చక్రేశ్వరీదేవిని చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వేయించెను. అందలి తెలుగు కందపద్యములు మన భాషలో దొరికిన మిక్కిలి ప్రాచీనమైన పద్యములలోనివి. త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను గూడ అతడు ఏర్పరచెను. ఎండలో నడచివచ్చిన బాటసారికి కన్ను ఎత్తినచో బింబము, దించినచో నీరు. మూర్తిపూజ లేని సంప్రదాయముల వారికి ఆలంబనము వేరుగా నుండును. శ్వాస, నవకారమంత్రము, అనుప్రేక్షలు. అనుప్రేక్ష యను మాటకే మరల మరల చూచుట యని యర్థము. తేరాపంథ సంప్రదాయమున 1975 ప్రాంతమున ఆచార్య మహాప్రజ్ఞ రూపొందించిన ప్రేక్షాధ్యానము పేరులోను చూపే కలదు.

గృహస్థునకు వీటన్నింటిలో సులభమైనది సామాయికము. కాలము ఒక ముహూర్తము, 48 నిమిషములు. దీనికి చెప్పబడిన 32 దోషములలో పది మనస్సుకు సంబంధించినవి. ఆ పదింటిలో లాభమును కోరి కూర్చుండుట ఒకటి, కీర్తిని కోరి కూర్చుండుట మరియొకటి. మన స్వభావమును ఎరిగియే ఈ పట్టిక వ్రాసిరి! శ్రేణికుడు తన నరకగతిని తప్పించుకొనుటకు ఒక్క సామాయికఫలమును కొనదలచి పూనియా శ్రావకుని వద్దకు పోయిన కథ అందరెరిగినదే. రాజ్యమంతయు ఇచ్చినను దాని వెల సరిపోలేదు. ఆ పూనియా ప్రత్తి ఏకులు చేసి అమ్ముకొని బ్రతికిన బీదవాడని మాత్రము మనము మరచిపోవుచుందుము. నూలు ఊరివారమైన మనకు ఆయన వృత్తిబంధువు. భార్యాభర్తలు ఒకరు మార్చి ఒకరు ఉపవాసముండి, మిగిలిన అన్నముతో దినమునకు ఒక సాధర్మికునికి భోజనము పెట్టుచుండిరి.

ఒకనాడు పూనియాకు సామాయికమున మనస్సు నిలువలేదు. ఆయన ఆసనమును మార్చలేదు, మంత్రమును మార్చలేదు. లేచి భార్యను అడిగెను: నేడు మన ఇంటికి అన్యాయముగా వచ్చిన వస్తువు ఏదైన కలదా? ఆమె ఆలోచించి, దారిలో పడియున్న ఎండు పిడకను తెచ్చి పొయ్యిలో పెట్టితినని చెప్పెను. ఎవరిదో అడుగలేదు. అంతమాత్రము చాలెను. ఇది చాదస్తమని కొందరు నవ్వవచ్చును. దినమంతయు కొలతలో, కౌంటులో, బిల్లులో పిడకలు ఏరి తెచ్చి, సాయంత్రము కటాసనము మీద కూర్చుండి మనస్సు నిలుచుటలేదని గురుమహారాజును ఉపాయమడుగుట మాత్రము నవ్వదగినది కాదా? మనస్సును ఎచ్చట నిలుపవలెనను నిర్ణయము కూర్చున్న తరువాత జరుగునది కాదు. అది బల్ల వద్ద, త్రాసు వద్ద, వారాంతమున కూలి లెక్క కట్టు వేళ ముందే జరిగిపోవుచున్నది. పనివాని తాకాలో ఒక చిన్న తప్పును చూపి కూలి కోయబోవునపుడు, ఆ తప్పు నేతలోనిదా, మనము ఇచ్చిన నూలులోనిదా యని ఒకసారి నూలు వైపు గూడ కన్ను త్రిప్పినచో, ఆ రాత్రి సామాయికములో ఆ పనివాని ముఖము అడ్డము రాదు.

మా ఇండ్లలో 48 నిమిషములు ఎక్కడివి, ఉదయము పాలవాడు, సైజింగు వాడు, బడి రిక్షా ఒక్కసారిగా వచ్చునని స్త్రీలును పురుషులును అడుగుచుందురు. నవకారసీ పాటించు ఇండ్లకు ఒక సౌకర్యము కలదు. సూర్యోదయమైన పిదప 48 నిమిషముల వరకు ఎట్లును నోట నీరైనను వేయరు. ఆ ముహూర్తము అప్పటికే ఖాళీగా నున్నది. దంపతులలో ఒకనాడు ఒకరు, మరునాడు ఒకరు ఆ కాలమున కూర్చుండవచ్చును. రెండవవారు పాలవానిని చూచుకొందురు. ఇసుక గడియారము ఉన్నచో దానిని ఎదుట పెట్టుకొనవలెను. ఫోనులోని గడియారము ఈ పనికి తగదు.